కమలాకర్ మెడ

సంగీత ఎదురుకాళ్లతోని పుట్టింది. అందరు తల ముందువెట్టి భూమ్మీద పడితే ఈమె కాళ్లు ముందువెట్టి పడ్డది. గట్ల పుట్టినోళ్లు ఎడమకాలుతోని మూడుమాట్ల తాకితే పట్టిన నడుము ఇడుస్తదని, బిగిసిన మెడ దిగుతదని మనోళ్ల నమ్మకం. నన్ను గట్ల పుట్టియ్యుండ్రి అని ఆమె ఎవలనన్న అడిగిందా? లేదు. అయినా పెండ్లిగాకముందు ఊరోళ్ల నడుములు, పెండ్లయి సూరత్ వచ్చినంక లింబాయత్ గల్లీల నడుములు అన్ని ఆమె కాలికిందికే వచ్చినయి. పొద్దుగాల మొఖం గడుక్కునేటాళ్లకు గడప ముంగట ఎవలో ఒకలు బోర్ల పండుకొని ఉండెటోళ్లు.

"సంగీతా, జర తాకియ్యి బిడ్డా. సాంచల కాడ నిలవడరాకుంటున్నది."

సాంచలంటే మరమగ్గాలు. సిరిసిల్ల దిక్కు నుంచి, జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన పద్మశాలోళ్లకు సూరత్‌ల గవే బువ్వ వెడుతున్నయి. వంగి లేసి, నిలవడి నిలవడి అందరి నడుములు అరిగినయే. ఆమె తాకిచ్చేది, వాళ్లు మొక్కి పోయెటోళ్లు. తగ్గితే కాలు మహిమ, తగ్గకుంటే వాని కర్మ. కాలికి మాత్రం ఎన్నడు మాట రాలె.

గని గిది కాలు ముచ్చట గాదు, చేతుల ముచ్చట. మన బస్తీల కాలుకున్న ఇజ్జత్ చేతులకు లేకనే గీ కత అయ్యింది.

సంగీత మొగడు కమలాకర్‌ది సాంచల పని. అటు వరుస, ఇటు వరుస సాంచలు దడదడ కొట్టుకుంటుంటే నడుమ నిలవడి, ఇటోపారి అటోపారి చూసుకుంట, ఏడ పోగు తెగితే ఆడికి ఉరికి అతుకువెట్టాలె. పోయిన వానకాలం కార్ఖానల లిఫ్టు ఖరాబైంది. తయారైన బట్ట తాన్లను మూటగట్టి మెట్ల మీదికెళ్లి మోసుకొని దిగుండ్రి అన్నడు సేట్. కమలాకర్ మూటను మెడ మీద పెట్టుకొని దిగుతుంటే తడి మెట్టు మీద కాలు జారింది. మూట అటు పోయింది, తల ఇటు పోయింది. సర్కార్ దవఖానల ఫోటో తీసి, ఎముక మంచిగనే ఉన్నది, లోపల నరాలు కండరాలు గుంజుకపోయినయన్నరు. మెడకు పట్టా ఏసిండ్రు, గోలీలు ఇచ్చిండ్రు, పొమ్మన్నరు.

కొన్నొద్దులకు పట్టా తీసిండ్రు గని మెడ మాత్రం పాతిన గుంజ లెక్కనే ఉన్నది. ఎవలన్న పిలిస్తే తల తిప్పుడు లేదు, బీరువ జరిపినట్టు మనిషి మనిషే తిరగాలె. మెడ తిరగనోనికి సాంచల నడుమ ఏం పని? సేట్ తీసెయ్యలేదు, అంతమట్టుకు మేలే. గని తీస్కపోయి కండెలు చుట్టేకాడ కూసోవెట్టిండు. కండెలు చుట్టుడంటే మనోళ్లల్ల ఆడోళ్ల పని. ఆడోళ్ల నడుమ కూసోని, మెడ బిగవట్టుకొని దారం చుట్టుకుంట కమలాకర్ లోపల్లోపల ఉడికిపోయిండు.

"ఊరందరికి అక్కరకొచ్చే కాలు కట్టుకున్నోనికి అక్కరకు రాకపాయె" అని అత్త రాజమ్మ నెత్తి కొట్టుకున్నది. పెండ్లాం కాలు మొగనికి తాకితే పాపం గదా! అందుకే బస్తీల అందరి మెడలు దిగవడ్డా కమలాకర్ మెడ ఒక్కటి బిగిసే ఉన్నది.

సంగీత పెద్దరోడ్డు మీదున్న ఒక ఫిజియోథెరపీ దవఖానల ఊడ్చి తుడుస్తది. దవఖాన డాక్టర్ జరీవాలాది. ఆడోళ్ల దిక్కు మాలిష్ జేసేది, కసరత్తులు నేర్పేది హేతల్‌బెన్ అనే గుజరాతీ ఆమె. సంగీత మొఖం చూసి ఒకనాడు హేతల్‌బెన్ అడిగింది, ఏమైందని. అడిగినోళ్లు లేక గదా ఇన్నొద్దులు ఆగింది! తుడిసే బట్ట చేతులనే ఉన్నది, సంగీత ఏడ్సుకుంట అంత చెప్పింది.

హేతల్‌బెన్ ఎముకల ఫోటో తెప్పిచ్చుకొని చూసింది. మాలిష్ జెయ్యొచ్చు, రోజు జెయ్యాలె అన్నది. ఈడికొచ్చి జేపిచ్చుకునే తాహతు మీకు లేదు, కూసో, నేర్పుతా అన్నది. సంగీతను స్టూలు మీద కూసోవెట్టి ముందుగాల ఆమె మెడకే చేసి చూపిచ్చింది. "ధీమే ధీమే, మెల్లగ, సంగీతాబెన్. మెడ నొస్తుందని మెడ మీద పడొద్దు. భుజాల కాడ మొదలువెట్టు. భుజం ఇడిస్తేనే మెడ ఇడుస్తది. బొటనేలు ఆనిచ్చి ఉంచు, రుద్దకు. కింద గట్టిగ గడ్డ తాకుతది గదా, అది మెత్తవడేదాక ఆగు. గుంజొద్దు, తిప్పొద్దు. తిప్పుకునుడు అతని పని, నీ పని గాదు."

ఆ నాటి నుంచి రోజు, కమలాకర్ కార్ఖానకెళ్లి రాంగనే, వేడినీళ్ల బట్ట వెట్టుడు, గోరువెచ్చని నువ్వులనూనె, సంగీత చేతులు.

కమలాకర్ ఊకుంటడా! "ఏందే గిది? చీమలు పాకినట్టున్నది. బలం లేదా నీకు, గట్టిగ వొత్తు" అనెటోడు. ఒకనాడు ఎవడో చెప్పిండట, కటింగ్ షాపుల తల వట్టుకొని ఒక్క తిప్పు తిప్పితే టక్కుమని దిగుతదని. అంగి ఏసుకొని బయలెల్లిండు. సంగీత గడపకు అడ్డం నిలవడ్డది. "పో! గా తిప్పుడుకు లోపల నరం తెగితే మంచాన పడి ఉండు. అప్పుడు నీ మూతి తుడిసేది గూడ నేనే గదా, పో!" అన్నది. పెండ్లయినంక ఆమె గంత గట్టిగ మాట్లాడుడు అదే మొదలు. కమలాకర్ గులుక్కుంట అంగి ఇడిసి వచ్చి కూసున్నడు.

చేతులకు ముందుగాల ఏం తెల్వలె. నెత్తి కింద, మెడ మొదట్ల, ఎడమ దిక్కు సింతగింజంత గడ్డ ఉన్నదని కొన్నొద్దులకు తెలిసింది. దాన్ని వొత్తుతె కమలాకర్‌కు కంటి ఎనుక గుంజుతదని తెలిసింది. కోపం మీదున్ననాడు భుజాలు చెవుల దాక లేస్తయని, సేట్ తిట్టిననాడు గడ్డ మళ్ల గట్టివడ్తదని తెలిసింది. మొగడు నోటితోని చెప్పని ముచ్చట్లు ఆమెకు మెడ చెప్పవట్టింది. పదిహేనేండ్ల సంసారంల గంత మాట్లాడుకున్నది లేదు వాళ్లు.

పతంగుల పండుగ వచ్చింది. సూరత్ మొత్తం బంగ్లాల మీదికెక్కి కాట్ కాట్ అని ఒర్లుతున్నది. కమలాకర్ గూడ పైకెక్కిండు. ఎర్ర పతంగొకటి తెగి వాని నెత్తి మీదికెళ్లి పోతుంటే, తల ఎత్తి, అది పక్క బంగ్లా దాటేదాక చూసిండు. చూస్తున్నట్టు వానికే సోయి లేదు. సంగీతకు సోయి ఉన్నది. దడదడ కిందికి దిగిపోయి, తలుపు దగ్గరేసుకొని, సంబురం ఆగక ఏడ్సింది.

తెల్లారి దవఖానల హేతల్‌బెన్‌కు చెప్తే ఆమె సంగీత రెండు చేతులు వట్టుకున్నది. "నా కింద పనిజేసే పిల్ల పెండ్లి చేసుకొని పోతున్నది. ఆ జాగల నువ్వు రా. నేను డాక్టర్‌సాబ్‌తోని మాట్లాడుతా" అన్నది.

జిందగిల మొదటిసారి సంగీతకు ఒకటి కావాలనిపిచ్చింది. కాలు పుట్టుకతోని వచ్చింది, దాంట్ల ఆమె గొప్పేం లేదు. చేతులు నేర్సుకున్నయి. గా తెల్లకోటు ఏసుకొని, ఎవలన్న నొప్పితోని వస్తే భుజాల కాడ మొదలువెట్టి, గడ్డ కరిగేదాక ఆగి, వాళ్లు నవ్వుకుంట లేసి పోతుంటే చూడాలె. గంతే. గది తప్ప ఇంకొకటి వద్దు ఆమెకు.

డాక్టర్ జరీవాలా నవ్విండు. ఊడ్సే ఆమె చేతికి పేషెంట్ల మెడలు ఇస్తే నా దవఖాన పేరేంగావాలె అన్నడు. హేతల్‌బెన్ ఇడిసిపెట్టలె. ఫోటో చూపిచ్చింది, పాత కాయిదాలు చూపిచ్చింది. ఆఖరుకు డాక్టర్ ఒక మాట అన్నడు. "సరే. ఆమె మొగని మెడ పూరా తిరిగిననాడు తోల్కరా. నేను చూస్త. ఎవలు బాగుజేసిండ్రో ఆయిననే చెప్పనీ. చెప్తే ఆ జాగ ఆమెదే."

గంతే. ఒక్క మెడ తిరగాలె, ఒక్క మాట రావాలె. సంగీత ఇంటికి పోయి కమలాకర్‌కు చెప్పింది. "ఓ, దాందేమున్నది, వచ్చి చెప్తా" అన్నడు కమలాకర్. అప్పుడు మంచిగనే అన్నడు పాపం.

ఇగ ఆడికెళ్లి మొదలైనయి తిప్పలు.

ఒక్క అర్ర ఇల్లు వాళ్లది. కమలాకర్ గడప దిక్కు పండుకుంటడు. పొద్దుగాల నల్ల వచ్చే యాళ్లకు బిందెలు తీసుకొని ఉరకాలె, లేకుంటే లైన్ల ఆఖరుకు పడ్తం. హోళికి ముందు ఒకనాడు సంగీత నిద్రకండ్లతోని బిందె వట్టుకొని ఉరకవోతే, కాలు పోయి సక్కగ కమలాకర్ మెడ మీద ఆనింది. ఎడమకాలే. కమలాకర్ కెవ్వుమన్నడు. రాజమ్మ లేసి కూసున్నది.

"అయ్యో నీ చేతులిరగ! మొగని మెడ మీద కాలువెడ్తవా! కండ్లు వోయినయా నీకు!" అని నల్లకాడికి ఇనవడేటట్టు ఒర్లింది. సంగీత బిందె కింద వెట్టి మొగని కాళ్లకు మొక్కింది, అత్త కాళ్లకు మొక్కింది. అండ్ల ఆమె నీళ్ల లైను పోయింది.

ఆ వారంలనే, అప్పటికే ఎడమ దిక్కు తిరగవట్టిన కమలాకర్ మెడ కుడి దిక్కు గూడ తిరిగింది. ఎందుకు తిరగది? వానకాలం పోయి, సలికాలం పోయి, ఎండకాలం రాబట్టె. అన్నొద్దులు ఆమె బొటనేళ్లు ఆ కండ మీదనే ఉన్నయి. ఆఖరి గడ్డ కరుగవట్టిందని కాలు తాకకముందే ఆమె హేతల్‌బెన్‌కు చెప్పింది గూడ. గని రాజమ్మకు గవన్ని ఎందుకు? బజాట్లకు పోయి నిలవడ్డది.

"చూసిండ్రా అవ్వ, మా కోడలు కాలు మహిమ! పాపం పాపం అని ఇన్నొద్దులు ఆగినం. తెల్వక తాకితేనే దిగింది!"

సంగీతకు ఒళ్లు మండింది. "అత్తా, గంత నూనె, గంత వొత్తుడు ఏడవోయింది?" అని అడిగింది.

"మొగని పెయ్యి వొత్తుడు గూడ ఒక పనేనా పిల్లా? అందరు వొత్తుతరు. గా కాలు అందరికుంటదా?" అన్నది రాజమ్మ. ఆమె మెచ్చుకుంటున్నాననే అనుకున్నది.

తెల్లారేవరకు గడప ముంగట లైను. భేస్తాన్ నుంచి వచ్చిండ్రు, కడోదరా నుంచి ఆటో కట్టుకొని వచ్చిండ్రు. సచ్చినట్టు తాకిచ్చింది. తాకిచ్చిన కొద్ది తన చేతులను తానే తుడిసేసుకుంటున్నట్టు అనిపిచ్చింది ఆమెకు.

బస్తీ ముచ్చట కార్ఖానకు పోకుంట ఉంటదా! కమలాకర్ సాంచల మీదికి మళ్ల ఎక్కిన మొదటి దినమే, పక్క వరుసల పనిజేసే పరమేశ్ అందుకున్నడు. వానికి నోరే పని, చేతులు తర్వాత. "ఏం కమలాకర్! పెండ్లాం తంతే మెడ దిగిందట గదా! మాకు గా నసీబ్ ఏది? మా ఇంటిది ఉత్తగ తిడ్తది, తన్నదాయె!" సాంచల చప్పుడుల గూడ ఇనవడేటట్టు నవ్విండ్రు అందరు. మాపటికి అది ఇంకింత పెరిగింది. రోజు పొద్దుగాల ఎన్ని తన్నులని ఒకడు, మెడ మీదనా నడుము మీదనా అని ఒకడు. చిన్నపోరగాండ్లు గూడ, "కాకా, కాకి కాలు తగిలిందా?" అనవట్టిరి. ఆడ కాకి అంటే చిన్నమ్మ అన్నట్టు.

కమలాకర్ ఇంటికొచ్చి గిన్నె ఇసిరికొట్టిండు. "ఎవలు చెప్పమన్నరే మీకు? నా మెడ మీద నువ్వు కాలువెట్టినవని సూరత్ మొత్తం డప్పు కొట్టుకుంటరా?" అన్నడు. చెప్పింది తల్లి. తిట్లు పెండ్లానికి. రాజమ్మ మూలకు కూసోని కుక్కిన పేను లెక్క ఉన్నది.

"నేను ఎవలకు చెప్పలేదు. కాలుతోని తగ్గిందని నేను ఎన్నడన్న అన్ననా? చేతులతోని తగ్గింది. గది నీకెరుకే. దవఖానకొచ్చి గా ఒక్క మాట చెప్పు, కాలు ముచ్చట అదే పోతది" అన్నది సంగీత.

కమలాకర్ ఇసిరికొట్టిన గిన్నెను తనే తీసి పెట్టిండు. "ఎన్నడు రమ్మన్నడు డాక్టర్?" అని అడిగిండు.

ఐతారం నాడు సంగీత వాని అంగి ఇస్త్రీ చేసింది. తను ఉన్నదాంట్ల మంచి చీర కట్టుకున్నది. దవఖాన బయట బెంచి మీద కూసున్నరు. దేవుడు పగవట్టినట్టే ఉంటది కొన్నికొన్ని సార్లు. భుజం పట్టిందని పరమేశ్ ఆడనే కూసోని ఉన్నడు.

"ఏం వదినా, ఇంట్ల సాలలేదా, ఈడ గూడ తంతున్నవా?" అన్నడు వాడు. బెంచి మీద తెలుగు వచ్చినోళ్లు ఇద్దరు కిసకిస నవ్విండ్రు. కమలాకర్ చెవులు ఎర్రగయినయి. భుజాలు మెల్లగ చెవుల దిక్కు లేసుడు సంగీత చూసింది. చెయ్యి వెయ్యాలనిపిచ్చింది. నలుగుట్ల ఏం వేస్తది?

లోపలికి పిలిసిండ్రు. హేతల్‌బెన్ సంగీతను చూసి కండ్లతోనే ధైర్నం చెప్పింది. డాక్టర్ జరీవాలా పాత ఫోటో దీపానికి వెట్టి చూసిండు, కమలాకర్‌ను కూసోవెట్టి భుజాలు వట్టి చూసిండు. మంచోడే డాక్టర్, చెడ్డోడు గాదు. మనిషి జర బిగుసుకొని ఉన్నడని, నవ్విద్దామని, హిందీల అన్నడు:

"ఏం భాయ్, మా దవఖానకు వచ్చేటోళ్లంత చెప్తున్నరు. బీవీ ఒక్క తన్ను తంతే నీ మెడ బాగైందట గదా?"

నవ్వుడు అయినంక అసలు మాట అడుగుదామనే ఉండె ఆయన మనసుల. గని ఆ నవ్వు కమలాకర్ మీద కొరివి లెక్క పడ్డది. డాక్టర్ గూడ! గింత పెద్ద మనిషి గూడ!

"అసొంటిదేం లేదు సాబ్" అన్నడు బిరాన. "అదంత బస్తీ బక్వాస్. సర్కార్ దవఖాన గోలీలు ఏసుకున్న, ఆరామ్ తీసుకున్న. దానంతట అదే తగ్గింది."

హేతల్‌బెన్ ముందుకొచ్చింది. "కాలు గాదు భాయ్, మాలిష్ గురించి చెప్పు. సంగీతాబెన్ రోజు మాలిష్ జేసింది గదా?"

సంగీత కమలాకర్ మొఖం దిక్కే చూసింది. అవునని ఒక్క మాట. మాట గూడ వద్దు, ఊఁ అంటే సాలు.

కమలాకర్ తల అడ్డంగ ఊపిండు. లేదని. ఇటు, అటు.

గదుమ ఎడమ భుజం దాక పోయింది. ఆడికెళ్లి కుడి భుజం దాక వచ్చింది. ఏడ ఆగలె, ఏడ గుంజలె, పెయ్యి జరుగలె. గంత సక్కగ గా మెడ తిరుగుడు సంగీత గూడ అదే మొదలు చూసుడు. మనసు కోతవడుతున్నా కండ్లు మాత్రం మెడ మీదనే ఉన్నయి. పని పూరా అయ్యింది అని చేతులకు తెలిసింది.

"అరే వా!" అన్నడు డాక్టర్ సంబురపడి. "చూడు హేతల్, ఎంత సాఫ్‌గ తిరుగుతున్నదో! వయసులున్న పెయ్యి, దానంతట అదే మానింది." సంగీత దిక్కు తిరిగి, మంచిగనే, పిల్లకు చెప్పినట్టు చెప్పిండు. "నీ పని నువ్వు మంచిగ జేస్తున్నవ్ బెన్. నీ అసొంటి సఫాయి ఎవలు జెయ్యరు."

హేతల్‌బెన్ సంగీతను చూసింది. నువ్వన్న చెప్పు, అన్నట్టు. సంగీత నోరు తెరిసింది. ఏమని చెప్తది? మా ఆయిన అబద్దం ఆడుతున్నడని, పరాయి డాక్టర్ ముంగట, మొగని మొఖం మీదనే చెప్తదా? చెప్పినా, మెడ ఉన్నోడే కాదంటుంటే చేతులున్నదాని మాట ఎవలు ఇంటరు? తెరిసిన నోరు మూసుకున్నది.

బయటికొచ్చి షేర్ ఆటో ఎక్కిండ్రు. ముగ్గురు కూసునే కాడ అయిదుగురు ఇరుక్కున్నరు. ఒరియా పిలగాండ్లు ఇద్దరు, కూరగాయల సంచి ఒళ్లె వెట్టుకున్న గుజరాతీ ముసలామె, వీళ్లిద్దరు. కమలాకర్ రోడ్డు చూసిండు, ఆమెను చూసిండు. మళ్ల రోడ్డు చూసిండు. ఆమె మొఖంల ఏం కనవడ్డదో ఏమో, వాని గొంతు మెత్తగయ్యింది.

"అంత నీ చేతుల పుణ్యమేనే" అన్నడు. "నాకు ఎరుక లేదా? నువ్వు గట్ల రోజు వొత్తకపోతే ఈ జన్మల సాంచల మీదికి ఎక్కకపోదును."

సంగీత ఆటోల ఉన్నోళ్లను ఒక్కొక్కలను చూసింది. తెలుగు వచ్చినోళ్లు ఒక్కలు గూడ లేరు.

"గీ మాట గిప్పుడు ఎవలకు చెప్తున్నవయ్యా?" అన్నది.